మా పాపని ఆదివారం చైనీస్ స్కూల్లో వేయొచ్చా? ఇంట్లో ఎవరికీ ఆ భాష రాదు

ఎడిసన్_అమ్మ
న్యూజెర్సీలో ఉంటాం. పాపకి ఏడేళ్ళు. పక్కింటివాళ్ళది చైనాలో చెంగ్డూ. వాళ్ళమ్మాయీ మా పాపా ఒకే క్లాసు, ఒకే బస్సు, ఒకరింట్లో ఒకరి చెప్పులు. ఆ పిల్ల ప్రతి ఆదివారం మధ్యాహ్నం చైనీస్ స్కూలుకి వెళ్తుంది. రెండు గంటలు భాష, తర్వాత ఒక గంట డాన్సు. ఆ మూడు గంటలూ మాది కిటికీ దగ్గరే నిలబడుతుంది. ఇప్పుడు "నేనూ వెళ్తా" అని పట్టు పట్టింది. సెప్టెంబర్లో కొత్త క్లాసులు మొదలవుతాయి, చేర్పించండి, కారులో నేనే తీసుకెళ్తా అంటోంది పక్కింటావిడ.

మా ఆయనకి భయం. ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క రాదు, హోంవర్కు ఎవరు చూస్తారు అంటారు. అసలు ఆ స్కూళ్ళు ఎలా నడుస్తాయి? బయటి పిల్లలకి పనికొస్తాయా? పంపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు ఫీజు బెంగ లేదు, పిల్ల అక్కడ ఒంటరైపోకూడదనే బెంగ.

గుంటూరుమిర్చి
పాపకి తెలుగు చదవడం వచ్చా? ముందు అది చెప్పండి.

ఎడిసన్_అమ్మ
బాగా మాట్లాడుతుంది. చదవడం గుణింతాల దగ్గర ఉంది. శనివారం తెలుగు క్లాసుకి వెళ్తోంది, అది మాన్పించే ప్రసక్తే లేదు.

గుంటూరుమిర్చి
అంటే శనివారం తెలుగు, ఆదివారం చైనీస్. పిల్ల ఆడుకునేదెప్పుడండీ? కోపంగా అనట్లేదు, నిజంగా బాధేసి అంటున్నాను. మా అక్క కొడుకు అమ్మమ్మతో ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడలేక "హాయ్ బామ్మా, బై బామ్మా" అని ఫోను వాళ్ళమ్మకి ఇచ్చేస్తాడు. ఉన్న భాషకే టైము చాలట్లేదు.

తైపేఅల్లుడు
మా ఆవిడ పుట్టి పెరిగింది తైవాన్‌లోని తైపేలో, నేను విజయవాడలో. పిల్లలిద్దరు. ఎనిమిదేళ్ళుగా మా ఆదివారాలు ఆ స్కూల్లోనే గడుస్తున్నాయి కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

వీటిలో చాలావాటికి సొంత బిల్డింగ్ ఉండదు. ఏ మిడిల్ స్కూలో, చర్చో, కమ్యూనిటీ కాలేజీయో వారాంతానికి అద్దెకి తీసుకుంటారు. ప్రిన్సిపాల్, డబ్బు లెక్కలు చూసేవాళ్ళు, పుస్తకాలు పంచేవాళ్ళు అందరూ ఎవరో ఒక పిల్లాడి అమ్మానాన్నలే. మా దగ్గర ప్రిన్సిపాల్‌ని రెండేళ్ళకోసారి ఎన్నుకుంటాం. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనిషి ఆదివారం పొద్దున్నే వచ్చి గదుల తాళాలు తీస్తాడు. టీచర్లకి గంటకింత అని ఇస్తారు గానీ పాఠం తయారుచేసుకోవడానికీ దిద్దడానికీ పట్టే టైము లెక్కేస్తే అది ఏ మూలకీ రాదు.

గది మనది కాదు. ఆ స్కూలు నడకంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. లోపలికి వెళ్ళగానే టీచర్ చేసే మొదటి పని బోర్డునీ బల్లల్నీ ఫోన్లో ఫొటో తీయడం. క్లాసయ్యాక ఆ ఫొటో చూసుకుంటూ ఏ కుర్చీ ఎక్కడుందో అక్కడే పెట్టించి, బోర్డు మీద సోమవారం పాఠం చెరగలేదు కదా అని చూసుకుని లైటార్పుతుంది. ఒకసారి ఒక డెస్కులో రంగు పెన్సిళ్ళ డబ్బా పోయిందని అద్దెకిచ్చిన స్కూలువాళ్ళు గట్టిగా ఉత్తరం రాశారు. ఎవరు తీశారో ఇప్పటికీ తెలీదు. తర్వాతి వారం నుంచి ప్రతి డెస్కుకీ అడ్డంగా ఒక గుడ్డ కట్టి క్లాసు చెప్పారు. ఆ గుడ్డలు మా అత్తగారే కుట్టారు, నీలం రంగువి, రెండు పక్కలా ఎలాస్టిక్ వేసి.

ఇక తల్లిదండ్రుల డ్యూటీ. ఏడాదికి రెండు మూడు ఆదివారాలు ప్రతి కుటుంబం పసుపు జాకెట్ వేసుకుని వరండాలో నిలబడాలి. బయటివాళ్ళు లోపలికి రాకుండా చూడాలి, బ్రేకులో పిల్లల్ని లెక్కపెట్టాలి, బాత్రూముల్లో కాగితం ఉందో లేదో చూడాలి. చేరేటప్పుడే ఒక చెక్కు తీసుకుంటారు. డ్యూటీ చేస్తే ఏడాది చివర వెనక్కిస్తారు, ఎగ్గొడితే బ్యాంకులో వేస్తారు.

మీరడిగిన అసలు విషయం. చాలా స్కూళ్ళలో రెండు దారులుంటాయి. ఇంట్లో మాండరిన్, అంటే ఈ స్కూళ్ళలో నేర్పే చైనీస్, మాట్లాడే పిల్లలకి ఒకటి, మాట్లాడని వాళ్ళకి ఒకటి. రెండో దాంట్లో అందరూ ఉంటారు. చైనా నుంచి పిల్లల్ని దత్తత తెచ్చుకున్న అమెరికన్ కుటుంబాలు, దక్షిణ చైనా వైపు మాట కాంటనీస్ మాత్రమే వచ్చిన తాతల మనవలు, మన పిల్లల్లాంటి వాళ్ళు. మీ పక్కింటి స్కూల్లో ఆ రెండో దారి ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే అక్కడికి పంపొద్దు.

వరంగల్‌బిడ్డ
పైన అన్న చెప్పిన ఆఖరి ముక్క రాసి పెట్టుకో అక్కా. అది తెల్వక మేం దెబ్బతిన్నం.

మా పోరన్ని రెండేండ్లు పంపిన. మా దగ్గరున్న స్కూల్ల ఒక్కటే క్లాసు. అందరు ఇంట్ల మాట్లాడే పిల్లలు, మావోడొక్కడే కొత్త. టీచరమ్మ మంచిదే, గానీ మెసేజులన్నీ చైనీస్‌లనే వచ్చేటివి. నేను ఫోన్‌ల తర్జుమా పెట్టుకోని చదివితే "ఎనిమిదో పాఠం ఇంటి దగ్గర చదివించి సంతకం పెట్టండి" అని ఉండేది. వాడు చదువుతుంటే ఒప్పో తప్పో నాకెట్ల తెలుస్తది? చదివిండు గదా అని సంతకం పెట్టిన. తెల్లారి క్లాసుల నిలబెట్టి చదివిస్తే అన్నీ తప్పులేనట. పిల్లలు నవ్విన్రు. ఆ పొద్దు కార్ల ఎక్కి ఇంటికొచ్చేదాక ఒక్క మాట మాట్లాడలే. సీటు బెల్టు గూడ నేనే పెట్టిన. నా సంతకం వల్లనే గదా అని నాకు ఇప్పటికీ మనసుల గుచ్చుతది.

గుంటూరుమిర్చి
అయ్యో. నేను భయపడింది సరిగ్గా ఇదే.

ఎడిసన్_అమ్మ
తమ్ముడూ, చదువుతుంటేనే కడుపులో దేవినట్టయింది. తర్వాత మాన్పించేశారా?

వరంగల్‌బిడ్డ
ఆ ఏడు అయినంక బంద్ చేసినం. గానీ అక్కా, ఇయ్యాల్టికీ వాడు హోటల్‌కి పోతే బోర్డు మీద అక్షరాలు చూసి "గిది నీళ్ళకు సంబంధించింది" అంటడు. అంత తొందరగ పోయేటిది గాదది.

కుపర్టినో_నాన్న
నీళ్ళ సంగతి చెప్తే అందరికీ బాగుంటుంది. చైనీస్ అక్షరాల్లో చాలావాటికి పక్కన ఒక గుర్తు ఉంటుంది. ఎడమవైపు మూడు చుక్కలుంటే నీళ్ళు. నది, సరస్సు, సముద్రం, కడగడం అన్నిట్లో ఆ మూడు చుక్కలే. మిగతా సగం చాలాసార్లు ఎలా పలకాలో చెప్తుంది. "అమ్మ" అక్షరంలో ఒక పక్క ఆడమనిషి, ఇంకో పక్క గుర్రం. గుర్రానికీ అమ్మకీ ఏ చుట్టరికమూ లేదు. గుర్రాన్ని "మా" అంటారు కాబట్టి ఆ శబ్దం కోసం తెచ్చి పెట్టారు.

నాకు చైనీస్ రాదు. ఇద్దరమ్మాయిలతో కూర్చుని ఇంత నేర్చుకున్నా.

నండూరివారి_మనవడు
అదే "మా" రాగం మారితే నాలుగు మాటలు. ఎత్తులో నిలకడగా అంటే అమ్మ, కిందనుంచి పైకి లాగితే జనపనార, కిందికి దించి లేపితే గుర్రం, పైనుంచి విసిరినట్టంటే తిట్టడం. సంగీతం నేర్చుకునే పిల్లలైతే ఇట్టే పట్టేస్తారు.

సింగపూర్_శ్రీకాకుళం
అమ్మని మా-మ అంటారు కదా, మా పిల్లాడు ఇంటికొచ్చి వాళ్ళమ్మని "మామా మామా" అని పిలుస్తుంటే ఊరినుంచొచ్చిన మా అమ్మ "ఏట్రా, మీ మావయ్య ఎప్పుడొచ్చాడు" అని గుమ్మంలోకి పరిగెత్తింది 😄

తైపేఅల్లుడు
😄 మా ఇంట్లోనూ ఇదే. కానీ చుట్టరికాల దగ్గర మన పిల్లలకి ఉన్న సుఖం ఇంకెవరికీ లేదు. ఇంగ్లీషులో బ్రదర్ ఒక్కటే మాట. చైనీస్‌లో అన్న వేరు, తమ్ముడు వేరు, అక్క వేరు, చెల్లి వేరు. నాన్నకి అన్న అయితే బోబో, అంటే మన పెదనాన్న. నాన్న తమ్ముడు షూషూ, మన బాబాయ్. అమ్మ అన్నదమ్ములు జ్యోజ్యో, మేనమామలు. నాన్న అక్కచెల్లెళ్ళు గూగూ, మేనత్తలు. క్లాసులో మిగతా పిల్లలు ఆ పట్టిక బట్టీపడుతుంటే మా పెద్దాడు "ఇందులో నేర్చుకోడానికేముంది, ఇంట్లో ఉన్నదేగా" అన్నాడట. తమ్ముడిని మాత్రం "దీదీ" అంటారు. హిందీ వచ్చినవాళ్ళు కాసేపు తికమకపడతారు.

ఎడిసన్_అమ్మ
ఇది చదివి మా ఆయన మొదటిసారి నవ్వారు. ఇంకొకటి. పక్కింటావిడ "మా స్కూల్లో పిన్‌యిన్, సరళ లిపి" అంది. అదేంటో అడగడానికి మొహమాటపడ్డా.

కుపర్టినో_నాన్న
స్కూలు ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అదే. చైనా మెయిన్‌లాండ్‌లో అక్షరాల్ని సరళం చేశారు. గుర్రం పాత లిపిలో 10 గీతలు, సరళ లిపిలో 3. తైవాన్, హాంకాంగ్‌లలో పాత లిపే నడుస్తోంది. పలకడం నేర్పడానికి మెయిన్‌లాండ్ పద్ధతిలో పిన్‌యిన్ ఉంది, అంటే ఇంగ్లీషు అక్షరాలతో రాయడం. తైవాన్ పద్ధతిలో బోపోమోఫో, దానికి విడిగా 37 గుర్తులున్నాయి.

పుస్తకాలూ స్కూలుని బట్టి మారతాయి. కొన్నిచోట్ల గ్వాంగ్‌ఝౌలోని జినాన్ యూనివర్సిటీ తయారుచేసిన 12 భాగాల సెట్. మా దగ్గర లిపింగ్ మా పద్ధతి. గణిత బోధన మీద పరిశోధనకి పేరున్నావిడ, బే ఏరియాలో పిల్లలకి చైనీస్ చెప్తూ ఈ పాఠాలు తయారుచేశారు. అందులో ముందు అక్షరాలే చదివిస్తారు, పిన్‌యిన్ ఆ తర్వాత. పిల్లలు పిన్‌యిన్ రాగానే దానికి అలవాటుపడి అక్షరం వైపు చూడటం మానేస్తారని.

తైపేఅల్లుడు
ఇక్కడ నేను ఒప్పుకోను. బోపోమోఫోతో మొదలెట్టిన పిల్లల పలుకుబడే శుభ్రంగా ఉంటుంది. పిన్‌యిన్‌లో ఇంగ్లీషు అక్షరం కనపడగానే అమెరికాలో పెరిగే పిల్లాడి నోరు ఇంగ్లీషు వైపు పోతుంది. ఇక పాత లిపి వచ్చినవాడు సరళ లిపి కొంచెం కష్టపడితే చదివేస్తాడు, అటునుంచి ఇటు రావడమే కష్టం.

కుపర్టినో_నాన్న
అన్నా, మీ అత్తవారి తరఫున మాట్లాడుతున్నారు 🙂 ఇంట్లో చెప్పేవాళ్ళు లేని పిల్లకి 10 గీతల గుర్రం ఎందుకు? పక్కింటి పిల్ల ఏది నేర్చుకుంటే ఈ పాపా అదే నేర్చుకోవాలి. ఇద్దరూ కలిసి రాసుకోవచ్చు.

తైపేఅల్లుడు
చివరిది మాత్రం ఒప్పుకుంటా. స్నేహితురాలు రాసే లిపే ఆ పాప లిపి.

నండూరివారి_మనవడు
పిన్‌యిన్ సంగతి ఒకటి. అందులో "బీ" అని రాసేది నిజానికి మన "ప"కి దగ్గర. "పీ" అని రాసేది ఒత్తుతో "ప్హ". అలాగే "డీ" మన "త" లాంటిది, "టీ" దానికి ఒత్తు. ఇంగ్లీషు పిల్లలకి ఈ తేడా చెవికెక్కడానికి చాలాకాలం పడుతుంది. క, ఖ విడివిడిగా రాసుకునే మనకి ఎక్కడ ఊపిరి వదలాలో ముందే తెలుసు. పాప తెలుగు క్లాసు ఆ రకంగానూ పనికొస్తుందండీ, మిర్చిగారూ.

లైబ్రరీపురుగు
ఈ స్కూళ్ళు ఎలా పుట్టాయో తెలిస్తే వాటి తీరు ఇంకా బాగా అర్థమవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయులకి భాషా పాఠశాలలు 1880ల్లోనే ఉన్నాయి. అప్పుడు వాళ్ళ పిల్లల్ని మామూలు బడుల్లో చేర్చుకునేవాళ్ళు కాదు. 1885లో ఒక కుటుంబం కోర్టుకెళ్ళి గెలిస్తే, వాళ్ళకోసం వేరే బడి పెట్టారు తప్ప అందరితో కలపలేదు. న్యూయార్క్ చైనాటౌన్ స్కూలు 1909 నాటిది. అప్పట్లో అవి కాంటనీస్, థాయ్‌షాన్ వైపు మాటల బడులు. పిల్లలు పగలంతా ఇంగ్లీషు బడిలో చదివి సాయంత్రం మళ్ళీ కూర్చునేవాళ్ళు.

ఇప్పుడు మనం చూసే వారాంతపు బడులు 1965 వలస చట్టం తర్వాతివి. ముందు తైవాన్ నుంచి చదువుకోడానికొచ్చి స్థిరపడినవాళ్ళు పెట్టారు. తర్వాత మెయిన్‌లాండ్ విద్యార్థులొచ్చారు. చైనా విద్యార్థుల కోసం అమెరికా చేసిన 1992 చట్టంతో వాళ్ళలో చాలామందికి గ్రీన్‌కార్డులొచ్చాయి, ఇళ్ళు కొన్నారు, పిల్లలు పుట్టారు, బడులు పెట్టారు. తైవాన్ వైపు బడుల జాతీయ సంఘం, మెయిన్‌లాండ్ వైపు బడుల సంఘం రెండూ 1994లోనే ఏర్పడ్డాయి. అందుకే ఒకే ఊళ్ళో రెండు స్కూళ్ళు, రెండు లిపులు కనిపిస్తాయి. మన పిల్లలకి తెలుగు నేర్పే మనబడి మొదలైంది 2007లో. వాళ్ళు మనకన్నా చాలా ముందు ఈ దారిన నడిచారు, వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

గుంటూరుమిర్చి
అంతా బాగుంది. మరి ఇన్నేళ్ళు వెళ్ళిన వాళ్ళ పిల్లలకైనా నిజంగా వస్తోందా? మా ఆఫీసులో ఇక్కడే పుట్టిన చైనీస్ అబ్బాయి ఉన్నాడు. పదేళ్ళు ఆదివారాలు పోగొట్టుకున్నా, ఇప్పుడు మెనూ కూడా చదవలేను అంటాడు.

పలకాబలపం
నేను పన్నెండేళ్ళుగా పిల్లలకి తెలుగు చెప్తున్నాను. మిర్చిగారి ప్రశ్నకి లెక్కతో జవాబిస్తాను.

అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకి భాషలు నేర్పుతుంది. ఇంగ్లీషు వచ్చిన పెద్దవాళ్ళకి ఉద్యోగానికి సరిపడా చైనీస్ రావడానికి వాళ్ళ లెక్క 2200 క్లాసు గంటలు. తెలుగుకి 1100. ఇప్పుడు వారానికి 2 గంటలు, ఏడాదికి 30 వారాలు అనుకోండి. ఏడాదికి 60 గంటలు. పదేళ్ళు క్రమం తప్పకుండా వెళ్ళినా 600. అంటే ఏ స్కూలూ ఒంటరిగా భాష ఇవ్వలేదు, చైనీస్ వాళ్ళదైనా మనదైనా. స్కూలు వారానికో మెట్టు కడుతుంది, ఎక్కాల్సింది ఇంట్లోనే. మీ ఆఫీసు అబ్బాయి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడి ఉంటాడు.

మూడేళ్ళ కిందట మా తెలుగు తరగతులు సగానికి పడిపోయినప్పుడు, మా ఊరి చైనీస్ స్కూలు ప్రిన్సిపాల్‌ని అడిగి రెండు ఆదివారాలు వెళ్ళి కూర్చున్నాను. పుస్తకాలు, పరీక్షలు చూద్దామని వెళ్ళాను. నా కళ్ళు వరండా మీదే నిలిచిపోయాయి. పిల్లల్ని దింపి వెళ్ళిపోయిన తల్లిదండ్రులు చాలా తక్కువ. కెఫెటేరియాలో ఒక బల్ల దగ్గర కుట్లు, ఇంకో బల్ల దగ్గర కుంచెతో అక్షరాలు, జిమ్‌లో పెద్దవాళ్ళ డాన్సు, ఒక మూల గాత్రం. గోడకానుకుని కింద కూర్చుని ఒక నాన్న చిన్నకొడుక్కి గడుల నోట్‌బుక్‌లో రాయిస్తున్నాడు. ప్రతి గడీ చుక్కల గీతలతో మళ్ళీ నాలుగు మడులు. గీత పక్క మడిలోకి జారితే ఆయన ఏమీ అనకుండా వేలుతో చూపిస్తాడు, వాడు చెరిపి మళ్ళీ రాస్తాడు. ఆ వరండాలో అందరి నోటా చైనీసే. పిల్లలు బ్రేకులో బయటికొస్తే వినపడేది అదే భాష. రెండు గంటల క్లాసు నాలుగు గంటలవుతోంది.

మా దగ్గర పిల్లని దింపి కారు తిప్పుకుని వెళ్ళిపోతారు.

గుంటూరుమిర్చి
మీరు చెప్పిన ఆ కారు నాదేనండీ. దింపేసి కాస్ట్‌కోకి పోతాం. క్లాసు అయ్యేసరికి సరుకులు అయిపోతాయి అని సంతోషం కూడా. మీ పోస్టు రెండుసార్లు చదివాను.

వరంగల్‌బిడ్డ
నేను గూడ గంతే. ఆ రెండేండ్లల్ల ఒక్కనాడన్న ఆడ కూసోలే. కూసుంటే వాడు ఎట్ల చదువుతున్నడో పక్కన ఎవరో ఒక తల్లిని అడుగుతుంటి.

సింగపూర్_శ్రీకాకుళం
మా సింగపూర్‌లో వేరే తీరు. ఇక్కడ స్కూల్లోనే మాతృభాష తప్పనిసరి సబ్జెక్టు. చైనీస్, మలయ్, తమిళం ఉంటాయి. ఇండియా వాళ్ళకి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. అందుకే మనవాళ్ళలో చాలామంది హిందీయో తమిళమో తీసుకుంటారు. మేం చైనీస్‌కి దరఖాస్తు పెట్టి తీసుకున్నాం. పిల్లాడు పడ్డ పాట్లు నేను చూశాను, తేలిక అని ఎవరైనా అంటే నమ్మకండి. శుక్రవారం రాత్రి డిక్టేషన్ మాటలు మా ఆవిడ పలకలేదు కదా, టీచర్ గొంతు ఫోన్లో రికార్డు చేసుకుని ఒక్కో మాట దగ్గర ఆపి వినిపించేది. వాడు రాసింది పుస్తకంలో బొమ్మతో పోల్చి చూసి గీతలు లెక్కపెట్టేది. ఒక గీత తక్కువైతే "ఇక్కడేదో పోయింది నాన్నా" అనేది. ఆమెకి ఆ అక్షరం అర్థం తెలీదు, గీత పోయిందని మాత్రం తెలుసు. అలా మూడేళ్ళు నెట్టుకొచ్చాం. ఇప్పుడు వాడే చూసుకుంటాడు.

ఎడిసన్_అమ్మ
అన్నయ్యా, ఆవిడకి నా నమస్కారం చెప్పండి. నేను చేయగలిగిన పద్ధతి ఇది.

హ్యూస్టన్_హరి
కాలేజీ అడ్మిషన్లకి ఏమైనా పనికొస్తుందా? అందరూ అందుకే పంపుతారు అంటారు.

కుపర్టినో_నాన్న
కొంత. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలకి పెట్టే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల్లో చైనీస్ 2007 నుంచి ఉంది. కాలేజీ ప్రవేశాలకి రాసే శాట్‌లో కూడా చైనీస్ సబ్జెక్ట్ పరీక్ష ఉండేది, 2021లో అన్ని సబ్జెక్టులతో పాటు ఎత్తేశారు. హైస్కూల్ డిప్లొమా మీద రెండు భాషలొచ్చని ముద్ర వేసే పద్ధతి 2011లో కాలిఫోర్నియాలో మొదలై చాలా రాష్ట్రాలకి పాకింది. ఆ ఏపీ పరీక్షల్లో తెలుగు లేదు, అసలు భారతీయ భాష ఒక్కటీ లేదు, అది మనం గట్టిగా అడగాల్సిన విషయం. కానీ పరీక్ష కోసమే పంపితే ఏడో తరగతికి పిల్లలు చేతులెత్తేస్తారు. మా పెద్దది ఎత్తేసింది. చిన్నది ఆగలేదు, ఎందుకంటే దాని గుంపంతా అక్కడే ఉంది. కొత్త సంవత్సరం వేడుకకి సింహం డాన్సులో తోక భాగం దానిదే.

తెనాలి_తాతయ్య
అమ్మాయీ, నేను ఏటా ఆరు నెలలు అబ్బాయి దగ్గరికి వస్తాను. మా మనవడు ఇలాంటి స్కూలుకే వెళ్తాడు. ఆ మూడు గంటలూ నేనే కూర్చుంటాను. మొదటి రెండు వారాలు దిక్కుతోచలేదు. మూడో వారం నా వయసాయన ఒకాయన ఎదురుగా కూర్చుని చదరంగం బల్ల పరిచాడు. వాళ్ళ చదరంగం వేరు. బల్ల మధ్యలో నది ఉంటుంది. పావులు గుండ్రటి బిళ్ళలు, మీద అక్షరాలు. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు వచ్చింది అంతంతమాత్రం. నా చెయ్యి పట్టుకుని నడిపించి నేర్పాడు. వాళ్ళ ఏనుగు నది దాటదమ్మా. నేను దాటించబోతే రెండు చేతులూ అడ్డంపెట్టి గట్టిగా నవ్వాడు. మన ఏనుగు బల్లంతా తిరుగుతుందని ఆయనకి వేళ్ళతో చూపించాను. వాళ్ళావిడ నారింజలు ఒలిచి ఇద్దరికీ చెరి సగం పెట్టేది. ఆ పావుల మీది అక్షరాలు నాకిప్పుడు వచ్చు. మనవడు క్లాసులోంచి వచ్చి నన్నే పరీక్ష పెడతాడు.

మీ పాప అక్కడ ఒంటరవుతుందా అని అడిగావు. పెద్దవాళ్ళు అక్కడే ఉంటే పిల్ల ఒంటరి కాదు. మీ వాళ్ళెవరైనా ఊరినుంచి వస్తే వాళ్ళనీ తీసుకెళ్ళు.

పలకాబలపం
తాతయ్యగారూ, మా తెలుగు స్కూలు వరండాలో అలాంటి బల్ల ఒకటి పెట్టాలని ఉంది. మీరు ఏ ఊళ్ళో ఉంటారు?

తెనాలి_తాతయ్య
డల్లాస్ దగ్గరమ్మా. పిలిస్తే వస్తాను.

హ్యూస్టన్_హరి
డల్లాస్ అయితే నేను కారులో తీసుకొస్తా తాతయ్యా, చదరంగం నాకూ నేర్పాలి.

ఎడిసన్_అమ్మ
ఇవాళ స్కూలువాళ్ళు కొత్తవాళ్ళని చూసిపొమ్మన్నారు, ముగ్గురం వెళ్ళాం. రాగానే రాస్తున్నాను.

ఇంట్లో మాట్లాడని పిల్లలకి వేరే క్లాసు ఉంది. పదకొండు మంది. టీచర్ మెసేజులు ఇంగ్లీషులోనూ పంపుతారు, అది ముందే అడిగాను, తమ్ముడి మాట గుర్తుపెట్టుకుని. పక్కింటి పిల్ల ఆ క్లాసులో ఉండదు, పక్క గది. ఆ మాట వినగానే మా పాప మొహం చిన్నబోయింది. బ్రేకులో ఇద్దరూ కలుస్తారనీ డాన్సు ఇద్దరికీ ఒకటేననీ తెలిశాక సర్దుకుంది.

చిన్న పాఠం కూడా చెప్పారు. టీచర్ బోర్డు మీద కొండ అక్షరం రాసి ఇదేంటో ఊహించండి అన్నారు. మధ్యలో పొడుగు గీత, అటూ ఇటూ పొట్టివి. ఒకడు ఫోర్కు అన్నాడు, ఇంకొకరు కిరీటం అన్నారు. మాది చెయ్యెత్తి తెలుగులో "కొండ" అనేసింది. టీచర్‌కి అర్థం కాలేదు, మళ్ళీ అడిగారు. మా ఆయన వెనకనుంచి ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ ఆ తెలుగు మాటని రెండుసార్లు పలికి చూసింది. "కొండా, కొండా" అని, రాగం కొంచెం మార్చి.

చేర్పించాం. మాది శనివారం తెలుగు మానలేదు మిర్చిగారూ. దానికి బదులు బుధవారం ఈత మానేస్తున్నాం. డాన్సు ఆదివారమే ఉంది కాబట్టి ఆట పూర్తిగా పోలేదు.

గుంటూరుమిర్చి
ఈత మానడం ఇంకా నచ్చలేదు నాకు 🙂 అయినా పాప ఆ క్లాసులో నోరు తెరిచి అన్న మొదటి మాట తెలుగు. అది చదివాక ఇంక వాదించలేను. వచ్చే శనివారం కాస్ట్‌కోకి వెళ్ళట్లేదు, పలకాబలపంగారూ. మా ఊరి క్లాసు దగ్గరే కూర్చుంటా. అక్కడ ఇంకో ఇద్దరు అమ్మల్ని కూడా అడిగాను, వస్తామన్నారు.

వరంగల్‌బిడ్డ
అక్కా, డ్యూటీ ఎప్పుడు పడ్డది?

ఎడిసన్_అమ్మ
అక్టోబర్ రెండో ఆదివారం. పసుపు జాకెట్ ఇప్పుడే ఇచ్చేశారు. మా ఆయన కొలత చూసుకుంటున్నారు, ఆయనే వెళ్తారట.

తైపేఅల్లుడు
బ్రేకులో లెక్కపెట్టేటప్పుడు బాత్రూములు కూడా చూడమని చెప్పండి. ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ అక్కడే ఉంటారు.